అక్క పనిచేసిన ఊరికి, వాళ్ల బాపుతో

కరీంనగర్‌లో ఎం.ఏ.లో చేరిన కొత్తలో నాకు తెలిసిన దారి ఒక్కటే. హాస్టల్ నుంచి క్లాసుకు, క్లాసు నుంచి హాస్టల్‌కు. మాది హుజూరాబాద్ దగ్గర పల్లె. భూములున్న ఇల్లు. మా ఇంట్లో మగపిల్లలు ఎక్కడెక్కడికో వెళ్లి చదివారు గానీ, ఆడపిల్ల డిగ్రీ దాటడం నాతోనే మొదలు. నన్ను హాస్టల్లో దింపిన రోజు బాపు గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. బస్సుకు ఆలస్యమవుతున్నా కదలక, చివరికి ఒక మాట చెప్పాడు.

"సదువుకో బిడ్డా, ఎంతన్న సదువుకో. గానీ గా మీటింగులు, గుంపులల్ల తిరుగుడు మనకొద్దు."

ఎనభైల మధ్య కాలం అది. కాలేజీ గోడల నిండా ఎర్ర అక్షరాలు ఉండేవి. గేటు ముందు పోలీసు వ్యాను కనబడని వారం ఉండేది కాదు. మా పక్క ఊరి పిల్లవాడొకడు చదువు మధ్యలో వదిలి అడవిలోకి వెళ్లిపోయాడు. వాళ్ల నాయన అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, ఏమీ మాట్లాడకుండా చాయ తాగి లేచిపోయేవాడు. బాపు భయం ఎక్కడిదో నాకు తెలుసు. అందుకే సరేనన్నాను. కొన్నాళ్లు ఆ మాట మీదే ఉన్నాను.

నా గదిలో ఉన్నది రెండో సంవత్సరం అమ్మాయి. ఆమెను నేను అక్క అని పిలిచేదాన్ని, ఇక్కడ కూడా అలాగే అంటాను. వాళ్లది ఆసిఫాబాద్. తల్లి చంద్రాపూర్ వైపు మరాఠీ మనిషి కావడంతో అక్క తల్లిని ఆయి అనేది, తండ్రిని మాత్రం మాలాగే బాపు అనేది. వాళ్ల బాపు బడిపంతులు. ఆసిఫాబాద్ అవతల గుట్టల మీది ఊళ్లలో, గోండు పిల్లలు ఉండి చదువుకునే సర్కారు బడిలో చాలా ఏళ్లు పనిచేశాడు. అక్క చిన్నప్పుడు కుటుంబమంతా అక్కడే ఉండేదట. ఆడుకునే పిల్లలంతా గోండు పిల్లలే కాబట్టి ఆమెకు తెలుగు కంటే ముందు గోండి వచ్చింది.

పొడుగ్గా, సన్నగా ఉండేది అక్క. ఒక్కచోట కూర్చునే మనిషి కాదు. ఎవరి చెప్పులు దొరికితే వాళ్లవి వేసుకుని వెళ్లిపోయేది. ఇత్తడి చెంబులో వేడినీళ్లు పోసి చీర ఇస్త్రీ చేసుకుంటూ, ఆ చీర పూర్తయ్యేలోపు పక్క గదుల్లో రెండు తగాదాలు తీర్చి వచ్చేది. పప్పు నీళ్లలా ఉందని మెస్సులో గొడవపెట్టుకుని, మెస్సు కార్యదర్శి అయి, వంటావిడతో స్నేహం చేసి, ఆ తర్వాత పప్పు గురించి మాట్లాడడమే మానేసింది. "పాపం ఆమె మాత్రం ఏం చేస్తది, ఇచ్చింది గింత పప్పే" అనేది.

కాలేజీలో విద్యార్థుల సేవాదళం ఒకటి ఉండేది. దానికి పెద్ద వృక్షశాస్త్రం లెక్చరర్ ఒకాయన. లావుగా, ఆయాసపడుతూ, ఎండైనా వానైనా గొడుగు పట్టుకుని తిరిగే మనిషి. ఆదివారాలు ఈ దళం వాళ్లు సర్కారు దవాఖాన గేటు దగ్గర నిలబడేవారు. పల్లెల నుంచి రోగులను తీసుకొచ్చినవాళ్లకు చీటీ ఎక్కడ రాయించాలో, రక్తం ఎక్కడ పరీక్ష చేస్తారో తెలిసేది కాదు. వాళ్లను వెంటబెట్టుకుని తిప్పడమే పని. అక్క ప్రతి ఆదివారం వెళ్లేది. ఒక ఆదివారం నన్నూ లేపింది.

"మా బాపు వద్దన్నడు అక్కా" అన్నాను.

"మీ బాపు గుంపులల్ల తిరగద్దన్నడు. దవాఖానకు పోవద్దన్నడా?"

లేచి ఆమె వెంట నడిచాను. ఆ రోజు మానకొండూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె నా మణికట్టు పట్టుకుని, ఎక్స్‌రే గది నుంచి మందుల కిటికీ దాకా వదిలిపెట్టలేదు. నన్ను అంతగా నమ్మి పట్టుకున్న మనిషి అప్పటిదాకా ఎవరూ లేరు. సాయంత్రం హాస్టల్‌కు వచ్చాక కూడా ఆ పట్టు చేతికి తెలుస్తూనే ఉంది. మరుసటి ఆదివారం అక్క లేపకముందే లేచి తయారయ్యాను.

ఆ సంవత్సరం నా జీవితంలో అన్నిటికంటే సంతోషమైన సంవత్సరం. క్యాంటీన్ వెనక వేపచెట్టు కింద కూర్చుని నాటకాలు రాసుకున్నాం, కాలేజీ వార్షికోత్సవంలో వేశాం. నాకు మగవేషం ఇచ్చారు, మీసం ఊడిపోయింది. బీడీలు చుట్టే ఆడవాళ్ల వాడలో బడి గోడలకు సున్నం వేశాం. రక్తదానానికి వెళ్లి, సూది చూసి నేను పడిపోతే, అక్క నా తల ఒళ్లో పెట్టుకుని నవ్వు ఆపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంది. బాపుకు ఇవన్నీ నెమ్మది నెమ్మదిగా చెప్పాను. దవాఖాన సంగతి చెప్పినప్పుడు, "మనూరోళ్లు అస్తె గూడ జర చూసుకో" అన్నాడు. అదే ఆయన అనుమతి.

ఆ రోజుల్లో పరీక్షలు వేళకు జరిగేవి కావు. అక్క చివరి పరీక్షలు వానలు పడ్డాక అయ్యాయి. అవి అయిపోయిన వారంలోనే జైనూర్ అవతలి ఊళ్లలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయని తెలిసింది. వాగులు పొంగి దారులు తెగాయి. సర్కారు డాక్టర్లు ఒక ఊరి బడిలో మంచాలు వేసి వైద్యం చేస్తున్నారు గానీ, నీళ్లు కాచేవాళ్లు, ఇల్లిల్లూ తిరిగి చెప్పేవాళ్లు లేరు. అన్నిటికంటే, ఆ భాష వచ్చినవాళ్లు లేరు. మా లెక్చరర్ ఈ సంగతి చెప్పి ఊరుకున్నాడు. ఎవరినీ రమ్మనలేదు.

"నేను పోత సార్" అంది అక్క.

ప్రిన్సిపాల్ ఒప్పుకోవడానికి మూడు రోజులు పట్టింది. ఆయనకు రోగం భయం ఒకటి, పోలీసుల భయం ఒకటి. కాలేజీ పిల్లలు అడవికి పోతున్నారంటే ఆ రోజుల్లో అందరి మనసుల్లోకీ వచ్చేది ఒకటే. "ఆడపిల్లలను గక్కడికి పంపి, రేపు ఎవలకు జవాబు చెప్పాలె నేను?" అని లెక్చరర్ మీద కేకలేశాడు. చివరికి డాక్టర్ల జీపులోనే వెళ్లి, వాళ్లతోనే ఉండి, వాళ్లతోనే రావాలన్న షరతు మీద ఆరుగురం బయల్దేరాం.

దారిలో ఆసిఫాబాద్ బస్టాండులో అక్క వాళ్ల బాపు మా కోసం నిలబడి ఉన్నాడు. పొట్టి మనిషి, తెల్ల ధోవతి, వానకు తడిసిన బనాతు టోపీ. చేతిలో పేలాల మూట, ఒక రెయిన్‌కోటు ఉన్నాయి. తండ్రీకూతుళ్లు గోండిలో ఏదో మాట్లాడుకుని ఇద్దరూ నవ్వారు. జీపు కదిలాక అడిగాను, ఇంటికి వెళ్లి ఆయిని చూసి రావచ్చు కదా అని.

"ఆయికి ఎరుకలేదు. చెప్తే పోనియ్యది" అంది అక్క. "బాపుకొక్కనికే చెప్పిన. వచ్చేటప్పుడు ఇంటికి పోయి నేనే చెప్త, ఒక పూట తిడ్తది, అయిపోతది."

ఘాటు ఎక్కుతుంటే మా జీపును రెండుచోట్ల ఆపారు. ఒకచోట మమ్మల్ని దింపి సంచులన్నీ విప్పించారు. ఉప్పు పొట్లాలు, చక్కెర పొట్లాలు, బ్లీచింగు పౌడరు చూసి వదిలేశారు.

ఆ ఊరిలో మొదటి రోజు మా కోసం ఒక్క తలుపూ తెరుచుకోలేదు. బడి వరండాలో చాపల మీద పదిమంది దాకా పడుకుని ఉన్నారు, సెలైను సీసాలు దూలాలకు వేలాడుతున్నాయి. మిగతా రోగులు ఇళ్లలోనే ఉండిపోయారు. సూది పొడిచిన మనిషి చచ్చిపోతున్నాడని వాళ్ల భయం. అక్క ఒక్కో గుడిసె ముందు నిలబడి గోండిలో మాట్లాడడం మొదలుపెట్టింది. లోపలి నుంచి ముందు నిశ్శబ్దం, తర్వాత ఒక ప్రశ్న, తర్వాత తలుపు సందులోంచి ఒక ముఖం. మేం వెనక నీళ్ల బిందెలు పట్టుకుని నిలబడేవాళ్లం. ఒక మాట మాత్రం ఆమె ప్రతి ఇంట్లోనూ, ప్రతి చాప దగ్గరా అనేది. అర్థం తెలియకపోయినా విని విని ఆ మాట నా చెవిలో ఉండిపోయింది.

రెండో రోజు ఒక చిన్న వయసు తల్లిని మంచం మీద మోసుకొచ్చారు. సెలైను పెట్టినా లాభం లేకపోయింది, మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. ఆమెకు నెలల బిడ్డ ఉన్నాడు, వాడికీ విరేచనాలే. ఆమె అత్త, ఒక ముసలామె, బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఎవరికీ ఇవ్వకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. అక్క ఆమె పక్కన కూర్చుంది. సాయంత్రం దాకా అక్కడి నుంచి లేవలేదు. ఏం మాట్లాడిందో నాకు తెలియదు. చివరికి ముసలామె బిడ్డను అక్క ఒళ్లో పెట్టింది. ఉప్పు చక్కెర కలిపిన నీళ్లను చెంచాతో, చుక్క చుక్కగా, వాడు కక్కుకున్నా మళ్లీ, అక్క పోస్తూనే ఉంది. వాడు బతికాడు. మేం ఉన్న పది పన్నెండు రోజులూ ముసలామె ప్రతి ఉదయం బిడ్డను తెచ్చి అక్కకు చూపించి వెళ్లేది.

అంత చావు మధ్య కూడా మేం నవ్వుకున్నాం. ఇది చెప్పడానికి నాకు చాలా ఏళ్లు మనసొప్పలేదు. తడి ఆరని బట్టలు, దోమలు, మూడు పూటలా జొన్న గటకే తిండి. బురదలో జారి నేను బిందెతో సహా కూలబడితే, వరండాలో పడుకున్న రోగులు కూడా లేచి నవ్వారు. అక్క వాళ్లతో గోండిలో ఏదో అంది, వాళ్లు ఇంకా నవ్వారు. ఏమన్నావని అడిగితే చెప్పలేదు.

రోగం తగ్గుముఖం పట్టాక తిరిగి వచ్చాం. వాగు మళ్లీ పొంగుతుందని డ్రైవరు తొందరపెట్టడంతో ఆసిఫాబాద్‌లో ఆగలేదు. ఫలితాలు వచ్చాక ఇంటికి వెళ్తానని అక్క హాస్టల్లోనే ఉంది. రెండు వారాలకు జ్వరం వచ్చింది. వానలో తడిసిన జ్వరమని మాత్రలు వేసుకుంది. తగ్గలేదు. మూడో రోజు పొద్దున నన్ను చూసి ఎవరో అన్నట్టు మాట్లాడింది. ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం. ఆదివారాల్లో మేమే దారి చూపించిన వరండాల గుండా ఆమెను స్ట్రెచర్ మీద తోసుకెళ్లాను. మలేరియా మెదడుకెక్కిందని డాక్టరు చెప్పాడు.

లెక్చరర్ ఆసిఫాబాద్‌కు కబురు పంపించాడు. గోదావరి దాటి రావాలి, వానలు తెరిపివ్వలేదు. అక్క కళ్లు మూసుకునే మాట్లాడుతూ ఉంది. అంతా గోండిలోనే. డాక్టరు నన్ను అడిగాడు.

"ఏమంటున్నది? నొప్పని చెప్తున్నదా?"

"తెల్వదు సార్. నాకు ఆ భాష రాదు."

వార్డులో ఎవరికీ రాదు. మరుసటి రోజు మధ్యాహ్నం కాకముందే ఆ మాటలు ఆగిపోయాయి. ఆ తర్వాత కాసేపటికి ఊపిరి ఆగిపోయింది. వాళ్ల బాపు వచ్చేసరికి ఆమె మీద దుప్పటి కప్పి ఉంది.

ఆయన దుప్పటి తీసి చూశాడు. మళ్లీ కప్పాడు. నా వైపు తిరిగి, "ఏమన్న మాట్లాడిందా బిడ్డా?" అని అడిగాడు.

"మాట్లాడింది సార్. గోండిలో. నాకు అర్థం కాలే."

"ఒక్క మాటన్న యాదికున్నదా?"

ఊళ్లో విని విని నా చెవిలో నిలిచిన ఆ మాటే ఆమె పదేపదే అనడం నేను గుర్తుపట్టాను. దాన్ని వచ్చినట్టు పలికాను. ఆయన మళ్లీ అనమన్నాడు. మళ్లీ అన్నాను.

"వాళ్లకు నీళ్లు తాగియ్యుండ్రి, అంటుంది" అన్నాడు. "ఇంక ఆ ఊళ్లెనే ఉంది అది."

శవంతో పాటు లెక్చరర్, నేను ఆసిఫాబాద్ వెళ్లాం. ఆయిని నేను చూడడం అదే మొదటిసారి. అక్క పొడుగు ఆమె నుంచే వచ్చింది. ఆమె కూతురి మీద పడి ఏడుస్తూ ఏడుస్తూ, ఒక్కసారి ఆగి భర్త వైపు చూసింది.

"నీకు ఎరుకే" అంది. "అది గక్కడికి పోతున్నదని నీకు ఎరుకే. నాకు చెప్పలే."

ఆయన తల దించుకున్నాడు. ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు గూడ పోయినవ్ గద. నువ్వు మంచిగనే ఉన్నవ్." ఆ మాటలో కోపం లేదు. నిజంగా అర్థంకాక అడుగుతున్నట్టుంది. అందుకే అది నన్ను ఇప్పటికీ వదల్లేదు.

పదకొండో రోజు లోపే సాదా బట్టల్లో ఒక పోలీసు వాళ్లింటికి వచ్చి, మీ అమ్మాయి అడవిలో ఎవరెవరిని కలిసిందని అడిగి వెళ్లాడట. ఆ వాడలో కొందరు అక్క అన్నల్లో కలవబోయి చచ్చిపోయిందని చెప్పుకున్నారట. ఆయి అప్పటి నుంచి గడప దాటడం మానేసింది.

కాలేజీలో సంతాప సభ పెట్టారు. ప్రిన్సిపాల్ మాట్లాడాడు, విద్యార్థి సంఘాల వాళ్లు మాట్లాడారు. అందరూ ఆమెను త్యాగమూర్తి అన్నారు. చెప్పులు ఎత్తుకుపోయే మనిషి గురించి ఎవరూ చెప్పలేదు. నాకు ఏడుపు రాలేదు. ఆ తర్వాత ఆడపిల్లలు ఊరు దాటి సేవకు వెళ్లరాదని నోటీసు పెట్టారు. ఆదివారాలు దవాఖానకు వచ్చేవాళ్లు తగ్గిపోయి, నలుగురం మిగిలాం.

బాపు నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. హాస్టల్ వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. "నడు ఇంటికి" అన్నాడు.

"ఇంక ఒక్క యేడాదే బాపూ. పూర్తి చేసి వస్త."

"నిన్ను చూస్తె ఆ పిల్ల తండ్రే కండ్లల్ల మెదులుతుండు. నాకు నిద్ర పడ్తలేదు."

చివరికి ఆయన లేచి, నా తల మీద చెయ్యి పెట్టి, ఒక్కడే బస్సెక్కాడు.

మరుసటి ఏడు వానలకు ముందు, ఆ డాక్టర్ల బృందంలోని పెద్ద డాక్టరు మా లెక్చరర్‌ను కలిశాడు. రోగం వచ్చాక పరుగెత్తడం కంటే ముందే వెళ్లి బావులు శుభ్రం చేయించి, జ్వరమున్నవాళ్ల రక్తం తీయించి, దోమతెరలు పంచితే మంచిదన్నాడు. నిరుడు అక్క చేసిన పని ఆయన చూశాడు. అలాంటి మనిషి ఉంటే చెప్పండన్నాడు. లెక్చరర్ తానే బాధ్యత రాసిచ్చి, ప్రిన్సిపాల్‌ను ఒప్పించి, నాతో సహా నలుగురికి అనుమతి తెచ్చాడు. గోండి వచ్చినవాళ్లు మాత్రం దొరకలేదు. అక్క వాళ్ల బాపు ఎవరైనా తెలిసినవాళ్లను చెప్తాడేమోనని లెక్చరర్, నేను ఆసిఫాబాద్ వెళ్లాం. ఆ ఇంటికి ఈ పని మీద వెళ్లడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

బడిపంతులు కాబట్టి ఆయనను నేను సార్ అనేదాన్ని. అప్పటికి ఉద్యోగం నుంచి దిగిపోయాడు. మేం చెప్పింది విని, "ఎవలో ఎందుకు, నేనొస్త" అన్నాడు. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. ఆయి బయటికి రాలేదు.

ఆ ఊరిలో సార్‌ను ఎవరూ ఎరగరు. ఆయన పనిచేసిన బడి అక్కడికి చాలా దూరం, వేరే గుట్టల మీద. దారిలో ఆయన నాకు ఒకటే చెప్పాడు. "నేను ఎవలనో అక్కడ చెప్పకు బిడ్డా. పని ఆగుతది."

మూడు రోజులు పని ఆగలేదు. ఈసారి తలుపులు తెరిచే ఉన్నాయి, రామ్ రామ్ అంటూ ఎదురొచ్చారు. సార్ ముందు నడిచేవాడు, మేం చెప్పింది గోండిలో చెప్పేవాడు, వాళ్లు చెప్పింది మాకు చెప్పేవాడు. ఆ ముసలామె ఊళ్లో లేదు, కూతురింటికి వెళ్లిందన్నారు. నేను లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. నాలుగో రోజు ఆమె వచ్చింది. చంకలో మనవడు. వాడిని దింపితే నడిచాడు, తూలుతూ వచ్చి బడి మెట్టు పట్టుకున్నాడు. ముసలామె మా అందరి ముఖాలూ చూసి, నన్ను గుర్తుపట్టి, ఏదో అడిగింది.

సార్ నా పక్కనే కూర్చుని ఉన్నాడు. "నీ దోస్తు, ఆ పొడుగు పిల్ల ఏది, ఎందుకు రాలే అని అడుగుతుంది" అన్నాడు.

"సార్, మీరే చెప్పండి" అన్నాను.

"నన్ను అడుగుతలేదు బిడ్డా. నిన్ను అడుగుతుంది. నువ్వు చెప్పాలె, నేను చెప్త."

"ఆమె చనిపోయింది" అన్నాను. "ఇక్కడి నుంచి పోయినంక జ్వరం వచ్చింది. బతకలే."

ఆయన దాన్ని గోండిలోకి మార్చాడు. చిన్న మాటే, ఆయనకు చాలాసేపు పట్టింది. ముసలామె మెట్టు మీద కూర్చుండిపోయింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ఏమైందని అడిగి, తెలుసుకుని, వాళ్లూ కూర్చున్నారు. కాసేపటికి ముసలామె మళ్లీ అడిగింది.

"ఆమెకు తల్లి తండ్రి ఉన్నరా అని అడుగుతుంది."

"ఉన్నరు."

ఆయన చెప్పాడు. ఆమె మనవడిని దగ్గరికి లాక్కుని చాలా మాటలు చెప్పింది. సార్ అవన్నీ విన్నాడు. "వాళ్లు కనబడితే చెప్పుమంటుంది. ఈ పిల్లగాడు వాళ్ల బిడ్డ ఒళ్లె బతికిండని చెప్పుమంటుంది. వాళ్లకు…" అంటూ ఆయన ఆగాడు.

ముసలామె ఆయన ముఖంలోకి చూసింది. ఒక ప్రశ్న వేసింది. ఆయన నాకు తెలుగులో చెప్పలేదు. ఆమె మళ్లీ అదే అడిగింది. ఆయన తల ఊపాడు. ఆమె లేచి వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని, ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. అప్పుడు ఆయన ఏడ్చాడు. ఆడవాళ్లందరూ రాగం తీసి ఏడ్చారు. కాలేజీ సభలో రాని ఏడుపు నాకు అక్కడ వచ్చింది. బావి దగ్గర పనిచేస్తున్నవాళ్లు పార, తట్ట వదిలిపెట్టి వచ్చి దూరంగా నిలబడ్డారు. ఆ రోజు ఇంక పని జరగలేదు.

తిరుగు ప్రయాణంలో, ఘాటు దిగుతుంటే అడిగాను. "ఆమె ఏమడిగింది సార్?"

"నీ మాట, గా పిల్ల మాట ఒక్క తీరుగ ఉన్నయి, నువ్వు దానికేమైతవని అడిగింది." ఆయన కిటికీ బయటికి చూస్తూ చెప్పాడు. "నేను గోండి బడి పిల్లల దగ్గర నేర్చుకున్న. అది వేరే దిక్కు యాస. దాంట్ల నా తప్పులు నాకున్నయి. నాతోటి మాట్లాడి మాట్లాడి మా బిడ్డకు గవే తప్పులు వచ్చినయి. ఇగ అట్ల మాట్లాడేటోన్ని నేనొక్కన్నే ఉన్న."

ఆ తర్వాత ప్రతి ఏడూ వానలకు ముందు ఆయన ఆ ఊరికి వెళ్లాడు. నేను చదువు ముగించి, జూనియర్ కాలేజీలో ఉద్యోగంలో చేరి, వీలైనప్పుడల్లా నా విద్యార్థుల్లో కొందరిని తీసుకుని ఆయనతో వెళ్లేదాన్ని. వెళ్లే ముందు ప్రతి పిల్ల తల్లితోనూ నేనే స్వయంగా మాట్లాడేదాన్ని. కొందరు తల్లులు వద్దనేవారు. నేను బలవంతం చేయలేదు. తిరిగొచ్చాక నెల రోజులు, ఏ పిల్లయినా క్లాసుకు రాకపోతే ఇంటికి వెళ్లి నుదురు ముట్టుకుని చూసేదాన్ని.

ఆయన బయల్దేరే రోజు ఆయి జొన్నరొట్టెలు కట్టి ఇచ్చేదట. ఎటు పోతున్నావని అడిగేది కాదట. తిరిగి వచ్చాక ఎట్లున్నారని కూడా అడిగేది కాదట. "నాతోటి అన్నీ మాట్లాడ్తది బిడ్డా, అదొక్కటి తప్ప" అన్నాడు ఒకసారి. నేను ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆమె మంచినీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లిపోయేది.

తొంభైలు వచ్చాక ఆయన మోకాళ్లు పనిచేయలేదు. ఇంకో రెండేళ్లకు ఒక పొద్దున చాయ తాగుతూ ఒరిగిపోయాడు. నాకు కబురు ఆలస్యంగా తెలిసింది. వెళ్లేసరికి దినాలు కూడా అయిపోయాయి. ఆయి ఒక్కతే ఉంది. ఈసారి నీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లలేదు. నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఆయన ఉన్నన్ని రోజులు అడగలే" అంది. "అది అక్కడ ఎట్లున్నదో నాకు చెప్పు."

నేను చెప్పాను. తలుపులు ఎట్లా తెరిపించిందో, ముసలామె పక్కన ఎట్లా కూర్చుందో, పిల్లవాడికి చెంచాతో నీళ్లు ఎట్లా పోసిందో చెప్పాను. నేను బురదలో పడితే రోగులంతా నవ్విన సంగతి చెప్పాలా వద్దా అని ఆగి, అదీ చెప్పాను.

"అది గూడ నవ్విందా?"

"అందరికంటె ఎక్కువ నవ్వింది అమ్మా."

ఆమె ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టింది.

"నాకు చెప్తే పోనిస్తుంటినా?" అంది, నన్ను కాదు, తనను తానే అడుగుతున్నట్టు. "పోనియ్యకపోదును. నాకు చెప్పకపోవుడే మంచిదయిందని అనుకోవాల్నా మరి? అట్ల గూడ అనుకోను చాతనైతలేదు."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి, తినకుండా పోవద్దని అక్కడి నుంచే చెప్పింది. పళ్లెంలో రొట్టె, పప్పు పెట్టి తెచ్చింది. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని, నా చెయ్యి పళ్లెం నుంచి నోటికి వెళ్లడం చూస్తూ ఉంది.